మీసం ఉన్న అక్షరం

మా నాన్న తప్పు నొక్కలేదు. ముందు ఈ మాట చెప్పేస్తే గానీ మిగతాది చెప్పబుద్ధి కాదు నాకు. మా ఊరు పుక్యుపాతలో ఇప్పటికీ కొందరు "పాపం సిప్రియానోకి చూపు ఆనలేదు, వేళ్ళు వణికాయి, ఒక మీటకి బదులు ఇంకో మీట నొక్కాడు" అని నా మొహం మీదే జాలి పడుతుంటారు. ఆ మాట ఊళ్ళోకి వదిలింది నేనే. మునిసిపాలిటీ ఆఫీసులో, రేడియో ముందు, నలుగురూ వింటుండగా.

ఆ ఏడు వానలు డిసెంబరు మొదటి వారంలోనే దిగాయి. నాన్న అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఉస్పాకోచా సరస్సుకి కాపలాదారు. మంచుకొండ కింద, ఊరికి ఆరు గంటల నడక దూరంలో రాతి గుడిసె. రోజుకి నాలుగుసార్లు నీటిమట్టం చూసి రేడియోలో చెప్పడం ఆయన పని. పైనుంచి మంచు పెళ్ళ విరిగి సరస్సులో పడిందంటే నీళ్ళు కట్ట పొర్లి మా లోయ మీదికి వస్తాయి. నాకు ఆరేళ్ళప్పుడు ఒకసారి వచ్చాయి, కింది వీధి మొత్తం పోయింది. అందుకని నెలలో ఇరవై ఆరు రోజులు ఆయన సరస్సుకి, నాలుగు రోజులు మాకు. "నాది కాపురం కాదే, నెలకోసారి వచ్చే సంత" అనేది మా అమ్మ హిలారియా. నవ్వుతూనే అనేది గానీ, ఆయన వెళ్ళిన రోజు పొయ్యి ముట్టించేది కాదు.

ఆ నెల మునిసిపాలిటీ ఇంజనీరు వేరా గారు ఒక చిన్న అట్టపెట్టె పట్టుకుని బజారులో నా కొట్టుకి వచ్చారు. నేను సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేస్తాను. పెట్టెలో ఉన్నది అరచేతిలో పట్టే కంప్యూటరు. ఒకటే పచ్చటి పలక, దాని మీద నాలుగు రంధ్రాలు, అంతే.

"యూడిత్, ఇది సరస్సు దగ్గర పెడతాం. నీటిమట్టం తనే కొలిచి తనే పంపుతుంది" అన్నారాయన. "కానీ మొరాయించినప్పుడల్లా మనిషి ఎక్కి వెళ్ళకూడదు. ఇక్కడ కూర్చుని దాని లోపలికి వెళ్ళి, ఆజ్ఞలు కొట్టి సరిచెయ్యగలగాలి. ఆ దారి నువ్వు వెయ్యాలి. కార్నివాల్ పండగ అయ్యాక గురువారం కుస్కో నుంచి కమిటీ వస్తుంది. వాళ్ళ ముందు తలుపు తీసి చూపించావా, మీ నాన్నగారిని కిందికి దించేస్తాం. మా ఆఫీసులోనే కుర్చీ వేస్తాం, తెర చూస్తూ కూర్చుంటారు."

"తీయలేకపోతే?"

"ఇంకో రెండేళ్ళు పైనే."

నాన్నకి అరవై మూడు. చలికాలంలో దగ్గితే ఛాతీలో గులకరాళ్ళు దొర్లినట్టుండేది. ఇంకో రెండేళ్ళు అనే మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను.

*

ఆ నాలుగు రోజుల సెలవుకి దిగినప్పుడు నాన్న కొట్టుకి వచ్చి నా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. కోకా ఆకు నములుతూ నా చేతుల వైపే చూస్తున్నాడు. ఆయన చదివింది మూడో తరగతి. చూడటం మాత్రం ఎవరైనా ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

"ఇప్పుడేం చేస్తున్నావు?"

"పెట్టెలో పెట్టే ఈ కార్డులో ఒక ఖాళీ ఫైలు పెడుతున్నా నాన్నా. పేరు ఎస్సెస్సెచ్. కొత్త పెట్టె బయటి వాళ్ళకి తలుపు తీయదు. లేచేటప్పుడు ఈ పేరు కనబడితేనే తీస్తుంది."

"లోపలేముంటుంది?"

"ఏమీ ఉండదు. పేరుంటే చాలు."

"ఓహో! మన మేయరులాగన్నమాట" అన్నాడు. నవ్వలేక చచ్చాను. ఇంజనీరు గారు అక్కడే ఉన్నారు, వినపడనట్టు బయటికి చూశారు.

నాన్న పెట్టెని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు. "ఇకనుంచి సరస్సుని చూసేది ఇదేనా? అయితే దీని పేరు ఞావిచా" అన్నాడు. మా కెచువాలో ఞావి అంటే కన్ను. ఞావిచా అంటే చిట్టి కన్ను. చిన్నప్పుడు నన్ను పిలిచిన పేరు కూడా అదే. నేను బళ్ళో చేరాక మానేశాడు. ఇప్పుడు ఆ పేరు పెట్టెకిచ్చాడని నాకు కాస్త కోపం కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్ళ మనిషిని, పచ్చ పలక మీద అసూయ!

పెట్టె, ఒక బుల్లి తెర, నా కొట్టులోని పాత కీబోర్డు గోనెలో కట్టుకుని నాన్న పైకి ఎక్కాడు. మునిసిపాలిటీ వాళ్ళు వెంట వెళ్ళి పెట్టెకంటూ వేరే సౌర పలక, వేరే బ్యాటరీ బిగించి, కొండ మీద యాంటెన్నా నిలబెట్టి వచ్చారు. మర్నాటినుంచి నీటిమట్టం అంకెలు ఆఫీసు తెర మీద వచ్చి పడుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. లోపలికి వెళ్ళే తలుపు మాత్రం తెరుచుకోలేదు. తట్టినా పలకలేదు.

కారణం రెండు రోజులకి గానీ తెలియలేదు. నా కంప్యూటరు ఆ ఖాళీ ఫైలు పేరు చివర తనంతట తనే 'టిఎక్స్‌టి' అని తోక తగిలించి, ఆ తోక నాకు కనబడకుండా దాచింది. పేరు మారింది కాబట్టి పెట్టె దాన్ని గుర్తుపట్టలేదు. తప్పు పూర్తిగా నాదే. ఇంజనీరు గారితో మాత్రం "లింకులో చిన్న ఇబ్బందండీ" అన్నాను. నాన్నకి రేడియోలో నిజం చెప్పాను. "పోనీలే తల్లీ, తోకలు దాచే జంతువులు చాలా ఉన్నాయి" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ మాట నాకు తరవాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

*

తలుపు లోపలినుంచే తీయించాలి, అంటే నాన్న చేతనే. జనవరిలో ఒక మధ్యాహ్నం ఆఫీసు రేడియో ముందు కూర్చుని అక్షరం అక్షరం చెప్పాను. మా రేడియో అందరిదీ. ఒకరు మాట్లాడితే చుట్టుపక్కల సరస్సుల కాపలాదారులందరికీ వినపడుతుంది. వానాకాలంలో ఆ కొండల మీద వాళ్ళకి అంతకంటే కాలక్షేపం ఏముంటుంది?

"నాన్నా, 'సుదో' అని కొట్టు."

"ఏమనీ?"

"సుదో."

స్పానిష్‌లో సుదో అంటే చెమటోడుస్తున్నాను అని. ఆ పెట్టెకి మాత్రం 'యజమానిని, చెప్పింది చెయ్యి' అని అర్థం.

"అమ్మాయ్, ఇక్కడ ఉచ్చ పోస్తే గడ్డ కడుతోంది. నాకు చెమటేంటే?"

"అబ్బా, కొట్టు నాన్నా! చెమటోడుస్తున్నానంటేనే వింటుంది."

"యజమాని చెమటోడ్చడం ఎక్కడైనా చూశావా? ఈ పెట్టె చేసినవాడెవడో మంచివాడే."

పక్క సరస్సు కాపలా పలొమీనో మధ్యలో దూరాడు. "సిప్రియానో, నువ్వు చెమటోడ్చగా చూడాలని నీ పెళ్ళాం ఇరవై ఏళ్ళనుంచి ఎదురుచూస్తోందిరా!"

"నోరు ముయ్యి, నీ సరస్సు చూసుకో ముందు. అది పొర్లితే నా మీదికే వస్తుంది."

ఇలా ఎగతాళులతోనే గంట పట్టింది. ఒక్కో అక్షరం తెర మీద పడ్డదో లేదో నాన్న చదివి చెప్పేవాడు. ఆఖరికి తలుపు తెరుచుకుంది. ఇక తాళం పెట్టాలి. కంపెనీ ఇచ్చిన రహస్య పదం లోకమంతటికీ తెలుసు, మార్చమన్నారు ఇంజనీరు గారు.

"ఏం పెడదాం నాన్నా? నీకు గుర్తుండేది."

"ఞావిచా!" అన్నాడు గట్టిగా. పలొమీనో పగలబడి నవ్వాడు. "రహస్యం చెప్పమంటే కొండకొండకీ టముకు వేశావు కదరా! రేపే వచ్చి నీ సరస్సు ఎత్తుకుపోతా."

"ఎత్తుకుపో, కావలి కాసే పనీ తప్పుతుంది నాకు" అన్నాడు నాన్న. తరవాత ఆయన గొంతు కాస్త తగ్గింది. "తల్లీ, నొక్కుతున్నా గానీ తెర మీద ఏమీ పడట్లేదే."

"పడదు నాన్నా. రహస్యం కదా, కొట్టేటప్పుడు ఎవరికీ కనబడనివ్వదు. నువ్వు కొట్టుకుంటూ పో. రెండోసారి కూడా అడుగుతుంది, మళ్ళీ అదే."

"సరే, కొట్టా. ఊరుకుంది."

"ఇప్పుడు 'ఎక్సిట్' అని కొట్టి బయటికి వచ్చెయ్. వచ్చేటప్పుడు తలుపు వెయ్యాలి, ఎప్పుడూ మరిచిపోకు."

"తలుపు వెయ్యకుండా వస్తే ఇంట్లో మీ అమ్మ ఊరుకుంటుందా, దీనికైనా అంతేగా" అన్నాడు.

నేను నా లాప్‌టాప్‌లోంచి తట్టాను. ఈసారి పెట్టె పలికింది, రహస్య పదం అడిగింది. ప్రాణం లేచొచ్చింది. ఞావిచా కొట్టాను. కుదరదు, మళ్ళీ ప్రయత్నించు అంది. మళ్ళీ కొట్టాను. కుదరదంది. మూడోసారి ఒక్కొక్క మీట కళ్ళతో చూసి కొట్టాను. కుదరదని మొహం మీదే తలుపు మూసింది.

"నాన్నా, నువ్వేం కొట్టావు?"

"ఞావిచా."

"ఇంకోసారి నువ్వే లోపలికి వెళ్ళి చూడు."

ఒక నిమిషం ఆగి, "నాకు తీసింది తల్లీ" అన్నాడు.

"నీకు తీసి నాకు ఎందుకు తీయదు?"

"నాకేం తెలుసు? నాకైతే తీసింది."

నా వెనక ఇంజనీరు గారు గొంతు సవరించుకున్నారు. "పెద్దాయనకి కళ్ళు సరిగ్గా ఆనవేమో యూడిత్. రెండుసార్లూ ఒకే తప్పు మీట నొక్కుతుండొచ్చు" అన్నారు. అప్పుడైనా కాదనాలి కదా నేను. డిసెంబరులో నా తోక సంగతి నాన్న ఎంత తేలిగ్గా పోనిచ్చాడు! ముక్కు మీద కోపం నాకు. రేడియో బటన్ నొక్కి పట్టుకునే అనేశాను.

"నాన్నా, నీ చూపు ఆనట్లేదు, వేళ్ళు వణుకుతున్నాయి, నువ్వే ఏదో తప్పు నొక్కావు. ఒప్పుకుంటే పోయేదానికి!"

 పలొమీనో కూడా నవ్వలేదు. నాన్న, "మట్టం మూడు మీటర్ల నలభై, వాన ఉంది, ఇక ఉంటాను" అని రోజూ చెప్పే మాటలు చెప్పి ఆపేశాడు.

ఆ తరవాత వారం రోజులు ఏదో ఒకటి ప్రయత్నిస్తూనే ఉన్నాను. చిన్న అక్షరాలతో, పెద్ద అక్షరాలతో, ఒక అక్షరం జారిందేమోనని, రెండుసార్లు పడిందేమోనని. ఆయన ఎన్ని తప్పులు చేసి ఉండొచ్చో అన్నీ రాసుకుని కొట్టాను. ఆయన తప్పు చెయ్యలేదేమోనన్న ఆలోచన మాత్రం రాలేదు.

*

కార్నివాల్ ముందు శుక్రవారం నాన్న దిగాడు. ఊరంతా నీళ్ళ బుడగలు, పిండి, బాజాలు. ఆయన తల మీద ఎవరో పసుపు రంగు కాగితాలు చల్లారు, వాటితోనే లోపలికి వచ్చి కూర్చున్నాడు. అమ్మ చూఞో పులుసు పోసింది. మా మంచులో ఎండబెట్టిన బంగాళాదుంప అది, ఆయనకి ప్రాణం.

నేను పళ్ళెం ముందు కూర్చున్నానన్న మాటే గానీ, ఒంట్లో చిరాకు. గురువారానికి ఆరు రోజులే ఉన్నాయి.

"పైన ఉన్నప్పుడే మార్చేసి ఉంటే సరిపోయేది. నాలుగుసార్లు పిలిచాను రేడియోలో. మట్టం చెప్పి పెట్టేశావు" అన్నాను.

"నలుగురిలో మళ్ళీ ఎందుకులే అని" అన్నాడు పులుసు తాగుతూ.

"నలుగురిలో నిన్నేం అన్నానని?"

"ఏమే, తిననీ మనిషిని" అంది అమ్మ.

నాన్న గిన్నె కింద పెట్టాడు. "నేను తప్పు నొక్కలేదు తల్లీ. ఎల్ పక్కన మీసం ఉన్న ఎన్ ఉంది చూడు, మన ఞ, దాన్నే నొక్కా. నాలుగు తరాలనుంచి మన నోట్లో ఉన్న అక్షరం. కళ్ళు పోయినా వేలు పోతుంది దాని మీదికి."

"అయితే పెట్టె అబద్ధమాడుతోందా?"

"అబద్ధం కాదు." ఆయన ఆలోచించాడు. "దానికి మన అక్షరాలు వచ్చా అసలు? అన్నీ ఇంగ్లీషులో గొణుగుతుంది కదా. వాళ్ళకి ఞ లేదటగా?"

నేను నవ్వాను. అవును, నవ్వాను. చదువుకున్నదాన్ని కదా! "కంప్యూటరుకి అన్ని భాషలూ వచ్చు నాన్నా. రాకపోతే నీకెలా తీసింది? నీ తప్పు కప్పుకోవడానికి దాని మీద నెట్టకు."

"ఞ లేని మనుషులు ఏం తింటారే పాపం?" అంది అమ్మ, మా ఇద్దరినీ చల్లార్చాలని. "చూఞో లేదు, ముఞా టీ లేదు."

 నేను చెయ్యి కడుక్కుని లేస్తూ, "ఎవరో ఒకరు పైకి వెళ్ళి రేడియోలో నేను చెబుతుంటే ఒకటి రెండు మూడు అని అంకెలు పెట్టి రావాలి. నేనే వెళ్తాలే సోమవారం" అన్నాను. వెళ్తాననే అన్నాను గానీ, ఆ గొంతు ఎలా ఉందో నాకు తెలుసు. నువ్వు చెడగొట్టిన పని నేను దిద్దాలి అన్నట్టుంది.

శనివారం తెల్లారేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. కప్పుకునే పొంచో లేదు, గోనె లేదు. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"వద్దన్నాను. కొండకి మబ్బు పట్టింది, పండగ కూడా అన్నాను. పిల్ల ఆరు గంటలు ఎక్కలేదే, రేపు పండగకి వచ్చేస్తాగా అన్నాడు" అంది.

*

ఆ రోజు సాయంత్రం నాలుగింటినుంచి రేడియో ముందే కూర్చున్నాను. పిలిచాను. పలకలేదు. వారం రోజులుగా ఎండ లేదు, గుడిసెలో రేడియో బ్యాటరీ పాతది. అదే అయ్యుంటుందని పలొమీనో అన్నాడు. పెట్టె మాత్రం అంకెలు పంపుతూనే ఉంది. మూడు నలభై రెండు. మూడు నలభై రెండు. మూడు నలభై మూడు. వీధిలో బాజాల వాళ్ళు వెళ్ళారు. సరస్సు ఎంతుందో చుక్క తేడా లేకుండా తెలుస్తోంది, దాని పక్కన మనిషి ఉన్నాడో లేదో తెలియడం లేదు. లోపలికి వెళ్ళగలిగితే కనీసం ఎవరైనా మీటలు నొక్కుతున్నారో లేదో చూసేదాన్ని. పదే పదే ఞావిచా కొట్టాను. పదే పదే కుదరదంది.

ఆదివారం మధ్యాహ్నం పైన మంచు కురిసింది. సాయంత్రానికి కూడా ఆయన రాలేదు. సోమవారం పలొమీనో అటునుంచి, మేము ఏడుగురం ఇటునుంచి బయల్దేరాం. మంగళవారం పొద్దున కనుమ కింద దొరికాడు. కాలు జారి దొర్లాడు, అంత ఎత్తునుంచి కూడా కాదు. చలే తీసుకుపోయింది. గోనె వీపుకి కట్టినట్టే ఉంది. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. ఏడ్చాను అని రాస్తే చాలా చిన్న మాట అవుతుంది, ఊరుకుంటాను.

కమిటీ గురువారం రాలేదు. సంతాపం అని కబురు పంపారు.

*

మాలో పోయినవాళ్ళ బట్టలు ఐదో రోజున ఏట్లో ఉతుకుతారు. చుట్టాలంతా వరసగా కూర్చుని ఉతుకుతారు, ఒక్క గుడ్డ కూడా మిగలకూడదు. నీళ్ళు మంచులోంచి వచ్చినవే, చేతులు మొద్దుబారిపోతాయి. అమ్మ ఆయన చొక్కాలన్నీ తనే తీసుకుంది. నాకు గోనె ఇచ్చింది. విప్పితే ప్లాస్టిక్ కవరులో, దాని మీద తువ్వాలులో, దాని మీద స్వెట్టరులో చుట్టి నా పాత కీబోర్డు ఉంది.

"ఇదెందుకు మోసుకొచ్చాడే?" అంది అమ్మ.

నాకు చూడగానే తెలిసింది. ఏ మీట నొక్కాడో నాకు చూపించడానికి. ఒళ్ళో పెట్టి, ఇదిగో, ఇది నొక్కా, అని వేలు పెట్టి చూపించడానికి. ఆ చలిలో స్వెట్టరు ఒంటికి వేసుకోకుండా దానికి చుట్టాడు.

బట్టలన్నీ ఆరాక ఆ సాయంత్రమే కొట్టు తీశాను. అమ్మ ఇంట్లో ఒక్కతే ఉండలేక వెంట వచ్చి, నాన్న కూర్చునే స్టూలు మీద కూర్చుంది. కీబోర్డు తుడిచి, నా దగ్గరున్న ఇంకో పచ్చ పలకకి తగిలించాను. పని చేస్తోందో లేదో చూద్దామని, అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఎల్ పక్కన మీసం ఉన్న ఎన్ మీద వేలు పెట్టి నొక్కాను.

తెర మీద ఞ పడలేదు. పైన చుక్క, కింద కామా ఉన్న గుర్తు పడింది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.  కొత్త పెట్టెలన్నీ ఇంగ్లీషు కీబోర్డు అనుకునే లేస్తాయి. వాళ్ళ కీబోర్డులో ఎల్ పక్కన ఉండేది ఆ గుర్తే. మన కీబోర్డు తగిలించినప్పుడు మన భాష అని చెప్పే మెట్టు ఒకటుంది. దూరంనుంచి నా లాప్‌టాప్‌తోనే కదా తీసేది, పైన కీబోర్డుతో పనేముంది అని డిసెంబరులో ఆ మెట్టు చెయ్యకుండా వదిలేసింది నేనే. నాన్న ఞ నొక్కాడు. పెట్టెకి ఆ అక్షరం తెలియక చుక్కా కామా అని రాసుకుంది. రహస్య పదం కాబట్టి తెర మీద ఆయనకి కనబడలేదు. ఆయన మళ్ళీ నొక్కినప్పుడల్లా మళ్ళీ అదే రాసుకుని, సరే అని తలుపు తీసింది.

మా అక్షరాలు దానికి వచ్చా అని అడిగాడు కదా. నేను నవ్వాను కదా.

లాప్‌టాప్ దగ్గరికి జరిగి ఉస్పాకోచా పెట్టెని తట్టాను. రహస్య పదం అడిగింది. ఞ బదులు చుక్కా కామా, తరవాత మిగతా అక్షరాలు. తలుపు తెరుచుకుంది. ఒక్క క్షణం కూడా పట్టలేదు.

లోపలికి అడుగు పెట్టగానే ఆ పెట్టె ముందుగా చెప్పేది ఒకటుంది, అంతకుముందు ఎవరు ఎప్పుడు వచ్చి వెళ్ళారో. శనివారం, సాయంత్రం ఐదూ నలభై ఏడు, అక్కడి కీబోర్డు మీదనుంచి, అంది.

"ఏంటే? ఏం రాసింది?" అంది అమ్మ. అమ్మకి చదువు రాదు.

"శనివారం నాన్న లోపలికి వెళ్ళాడు."

ఇంతకుముందు కొట్టిన మాటలు ఆ పెట్టె దాచుకుంటుంది, తలుపు సరిగ్గా వేసి వచ్చినవాళ్ళవి మాత్రమే. పైకి చూపించే బాణం మీట నొక్కితే చివరినుంచి ఒక్కొక్కటే చూపిస్తుంది. నొక్కాను.

'ఎక్సిట్.' తలుపు వేసే వెళ్ళాడు.

మళ్ళీ నొక్కాను. 'మ;ఆనా దిగుతాను.' మఞానా అంటే రేపు. ఆ అక్షరం తెర మీద చెడిపోయి పడటం ఆయన చూసే ఉంటాడు. అందుకే కీబోర్డు మూటకట్టాడు.

మళ్ళీ నొక్కాను. 'రేడియో చచ్చింది.'

మళ్ళీ. 'తల్లీ క్షేమంగా చేరాను.'

ఆపైన ఉన్నవన్నీ జనవరిలో నేను చెప్పి కొట్టించినవే.

తలుపు అవతల నేనే ఉంటాననుకున్నాడు. పెట్టెలో కొడితే ఊళ్ళో నా తెర మీద పడుతుందనుకున్నాడు. ఒక్కో లైను కొట్టినప్పుడల్లా ఆ పెట్టె ఇంగ్లీషులో 'అలాంటి ఆజ్ఞ లేదు' అని జవాబిచ్చే ఉంటుంది. ఆయనకి ఇంగ్లీషు రాదు. అందిందని చెబుతోందనుకుని తరవాతి లైను కొట్టి ఉంటాడు.

అమ్మకి మూడు లైనులూ చదివి వినిపించాను. చదవడం అయ్యాక తల దించుకుని, "అమ్మా, ఆయన తప్పు నొక్కలేదే. తప్పంతా నాదే" అన్నాను.

 అమ్మ స్టూలు ముందుకి లాక్కుని తెర మీద చెయ్యి పెట్టింది, వేడిగా ఉందో లేదో చూసినట్టు.

"దిగుతానన్నాడంటే దిగేవాడే" అంది. తరవాత, "పాపం, రాసి వారం అవుతోంది. జవాబు ఇవ్వవే" అంది.

"అమ్మా, అది..."

"ఇవ్వవే. ఎదురుచూస్తుంటాడు."

నేను మీటల మీద చేతులు పెట్టాను. 'నాన్నా అందింది. నువ్వు తప్పు నొక్కలేదు' అని కొట్టి పంపాను.

పెట్టె వెంటనే పలికింది. అలాంటి ఆజ్ఞ లేదంది.

"ఏమంటోంది?" అంది అమ్మ.

"చేరిందంటోంది అమ్మా" అన్నాను.

అమ్మ తల ఊపి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. నేను 'ఎక్సిట్' అని కొట్టి తలుపు వేశాను.